వణుకుకు శస్త్రచికిత్స: పాతదంటే పనికిరానిదా?

పార్కిన్సన్ వ్యాధికి చేసే మెదడు శస్త్రచికిత్సల చరిత్రను పత్రికలు ఒక నిచ్చెనలా చెబుతుంటాయి. 1952లో న్యూయార్క్ సర్జన్ ఇర్వింగ్ కూపర్ ఆపరేషన్ చేస్తుండగా పొరపాటున ఒక ధమని తెగింది. దాన్ని మూసి, ఆపరేషన్ ఆపేశాడు. విచిత్రంగా రోగి వణుకు తగ్గిపోయింది. ఆ తర్వాత థాలమస్ వంటి భాగాల్లో కొద్దిపాటి కణజాలాన్ని ఆల్కహాల్‌తోనో, శీతలంతోనో, వేడితోనో చంపటం వచ్చింది. 1960ల చివర్లో లెవోడోపా, 1987లో గ్రెనోబుల్‌లో బెనాబిడ్ మొదలుపెట్టిన విద్యుత్ ప్రేరణ. పై మెట్టు ఎక్కాక కింది మెట్టుతో పని లేదన్నది కథాసారం. నేనూ దీన్ని ఇదే వరసలో అనువదించాను. ఇప్పుడది తప్పనిపిస్తోంది.

2016లో అమెరికా అనుమతించిన కొత్త పద్ధతినే చూడండి. పుర్రె తెరవకుండా అతిధ్వని తరంగాలను ఒక బిందువు మీద కేంద్రీకరిస్తారు. అక్కడ జరిగేది కణజాలాన్ని వేడితో చంపటమే! నిచ్చెనలో దీని చోటెక్కడ?

మద్రాసుకూ ఆ కథలో చోటు లేదు. 1960లలో అక్కడ రామమూర్తి, బాలసుబ్రమణ్యం, కనక తదితరులు తలకు లోహపు చట్రం బిగించి, కొలతల ప్రకారం సూదిని లోపలికి పంపి వణుకుకు చికిత్స చేశారు. అదే సూదిని ఉద్రేకం అణచటానికి ఎమిగ్డలాలోకీ, హైపోథాలమస్‌లోకీ పంపారు. అలా చేయించుకున్న వారిలో పిల్లలూ ఉన్నారు. వణుకు రోగి మెలకువగా ఉంటాడు, చేయి చాపి ఫలితం తానే చూసుకుంటాడు. పిల్లవాడు నెమ్మదించాడని చెప్పేది మాత్రం ఇతరులే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవటం గానీ, తిట్టటం గానీ నాకు సమ్మతం కాదు.

ఇక మీరు బస్తర్‌లోని భోపాల్‌పట్నంలో ఉన్నారనుకోండి. మీ నాన్నగారి కుడిచేయి వణికి గ్లాసు నోటిదాకా రావటం లేదు, మందులు చాలటం లేదు. విద్యుత్ ప్రేరణ అంటే మెదడులో తీగ, ఛాతీ చర్మం కింద బ్యాటరీ. దాన్ని సరిచేయించుకోడానికి పదేపదే నగరానికి వెళ్లాలి. రీచార్జి కాని బ్యాటరీని కొన్నేళ్లకు మార్పించాలి. ఆ ప్రయాణం ఎంతో అక్కడి బస్సులెక్కిన వారికి చెప్పనక్కరలేదు. కాల్చే పద్ధతిలో ముందు కొద్దిగా వేడిచేసి, వణుకు ఆగితేనే శాశ్వతంగా కాలుస్తారు. ఆపైన తీగా లేదు, బ్యాటరీ లేదు.

అయితే చచ్చిన కణజాలం తిరిగి రాదు. ప్రేరణనైతే తగ్గించవచ్చు, ఆపవచ్చు, అదే దాని అసలు బలం. థాలమస్‌ను రెండువైపులా కాలిస్తే మాట ముద్దవటం, తూలిపడటం వంటి ప్రమాదాలు ఎక్కువ. ఏ ఆపరేషనూ వ్యాధిని ఆపదు. ఇదంతా మీ నాన్నగారికి సంతకం పెట్టకముందే, ఆయన ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలి.