ఎగరడమా, జారడమా?

తెలుగులో ‘ఎగురు’ అనే క్రియకు చోటు ఎక్కువ. అందని కొమ్మ కోసం గెంతిన పిల్లవాడు, గాలికి లేచిన ధూళి, చెరువు దాటిపోయే కొంగ, అందరూ ఆ ఒక్క మాటలోనే ఇముడుతారు. హిందీలో గెంతడం ‘ఉఛల్‌నా’, ఎగరడం ‘ఉడ్‌నా’. బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలతో పెరిగి, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి గనుక, ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష మాట్లాడే అక్కడి పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసి ఉంటుంది. జంతువులు ఎలా ఎగురుతాయో నేర్పదలచినవారు పాఠాన్ని ఆ తేడా దగ్గరే మొదలుపెట్టడం మంచిది.

గెంతడం లాగే జారడం కూడా ఎగరడం కాదు. పట్టణానికి దగ్గరలోని అచానక్‌మార్ అడవుల్లో ఉండే ఎగిరే ఉడుత, పేరుకు తగినట్టు ఎగరదు. ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ నడుమ ఉన్న చర్మాన్ని దుప్పటిలా పరచుకొని, ఎత్తైన కొమ్మ నుంచి దూరాన ఉన్న మానుకు గాలిలో జారుతుంది. మళ్లీ జారాలంటే మళ్లీ చెట్టెక్కవలసిందే. కాళ్లతో కూడబెట్టుకున్న ఎత్తును గాలిలో ఖర్చు చేయడం జారడం, రెక్కల బలంతో ఆ ఎత్తును గాలిలోనే సంపాదించుకోవడం ఎగరడం అని చెబితే, జమాఖర్చుల లెక్క తెలిసిన ఏ పిల్లకైనా అర్థమవుతుంది.

ఆ సంపాదన ఎలా జరుగుతుందన్న దగ్గరే పాఠాలు తరచుగా తప్పుదారి పడతాయి. రెక్క పైభాగం వంపుగా ఉండటం వల్ల పైనుంచి పోయే గాలికి దూరం ఎక్కువని, కింది గాలిని వెనుక అంచు దగ్గర మళ్లీ కలుసుకోవడానికి అది వేగంగా పరుగెడుతుందని చెప్పే వివరణ ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది గాని, విడిపోయిన గాలులు ఒకే సమయానికి కలుసుకోవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. దానికంటే టేబుల్ ఫ్యాన్ నయం. దాని ఎదుట అరచేతిని చాచి, ముందు అంచును కాస్త పైకి వంచితే చేయి తేలుతుంది. గాలిని కిందికి మళ్లించిన చేతిని గాలి పైకి నెడుతుంది. మరీ నిలువుగా వంచితే ఆ తేలిక పోయి, చేయి వెనక్కు మాత్రమే తోసుకుపోతుంది. రైలు కిటికీ దగ్గర ఈ సంగతి కనిపెట్టని పిల్లలు రైల్వే కాలనీలో అరుదు. అక్కడ చేయి బయట పెట్టకూడదు కాబట్టే ఫ్యాన్ ప్రస్తావన.

రెక్కను కిందికి కొట్టడం సరే, పైకి ఎత్తేదెవరు? ఎన్‌సీఈఆర్టీ పాత ఆరో తరగతి సైన్సు పుస్తకంలో కదలికల గురించిన పాఠం పక్షి రొమ్ము ఎముకను, దానికి అంటుకొని రెక్కలను పైకీ కిందికీ కదిపే కండరాలను పరిచయం చేసింది. రొమ్మున, అంటే రెక్కకు దిగువన ఉన్న కండరం రెక్కను పైకి ఎలా లేపగలదన్న సందేహం చురుకైన పిల్లకు రాక తప్పదు. దానికి జవాబు ఆదివారం వంటగదిలో దొరుకుతుంది. ముక్కలు చేయని కోడి రొమ్ముమీది పెద్ద కండను జాగ్రత్తగా పక్కకు తీస్తే, దాని అడుగున సన్నటి మరొక కండ, దాని చివర కండను ఎముకకు కట్టి ఉంచే తెల్లటి పట్టీ, అంటే టెండాన్ కనిపిస్తాయి. ఆ పట్టీ భుజం దగ్గర ఎముకల మధ్య ఉన్న సందులోంచి దూరి, పైకి వెళ్లి, రెక్క ఎముక పైభాగాన్ని పట్టుకుంటుంది. కండను కిందికి లాగితే రెక్క పైకి లేస్తుంది. నూతి గిలక మీది చేంతాడు చేసే పని ఇదే. కేబిన్‌లో లీవరు లాగితే, కప్పీల మీదుగా సాగిన తీగ దూరాన స్తంభం మీది సిగ్నల్ చేతిని కదిలించిన రోజులు చూసిన తాతయ్యలు ఇంట్లో ఉంటే, ఈ పాఠం చెప్పవలసింది వారే. బరువైన కండలన్నీ దిగువన ఉండటం వల్ల పక్షి గాలిలో తల్లకిందులు కాకుండా ఉండటం ఇందులోని అదనపు లాభం.

పక్షి ఎముకలు బోలుగా ఉంటాయి కనుక తేలిక అన్న మాటనూ కొంచెం సవరించుకోవాలి. అదే పరిమాణం గల క్షీరదంతో, అంటే పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువుతో పోలిస్తే, పక్షి అస్థిపంజరం బరువు మొత్తం మీద తక్కువేమీ కాదు; సైకిల్ ఫ్రేము గొట్టాల మాదిరిగా బోలుతనం ఇక్కడ గట్టిదనానికి పనికివస్తుంది.

రెక్కల బలంతో ఎగరడాన్ని జీవులు నాలుగుసార్లు విడివిడిగా సాధించాయి: కీటకాలు, నశించిపోయిన టెరోసార్లు అనే సరీసృపాలు, పక్షులు, గబ్బిలాలు. వీటిలో పిల్లలు తమ చేతినే చూసుకొని ఊహించుకోగలిగేది గబ్బిలం రెక్కనే. బొటనవేలిని విడిచిపెట్టి, తక్కిన నాలుగు వేళ్లను గొడుగు కమ్మీల్లా సాగదీసి వాటి మధ్య పొర కడితే అది గబ్బిలం రెక్క. టెరోసార్ రెక్కనైతే చిటికెన వేలి పక్కనున్న వేలొక్కటే మోసేది. గబ్బిలమంటే అపశకునమని ఇంట్లో విన్న తెలుగు పిల్లకు, 1941లో కవి జాషువా తన కావ్యంలో ఆ ప్రాణినే దూతగా ఎంచుకొని కాశీలోని శివుడి దగ్గరకు పంపాడని ఈ సందర్భంలోనే చెప్పవచ్చు. గుడిలోకి రానివ్వని మనిషి మొర మోయడానికి, గుడిలో అడ్డు లేకుండా తిరిగే రెక్క కావలసి వచ్చింది.

అన్నిటికంటే చిక్కు ప్రశ్న రైల్వే యార్డు మీద తిరిగే గద్దది. అది రెక్క ఆడించదు గాని ఎత్తు పెరుగుతూ పోతుంది, కాబట్టి పై లెక్క ప్రకారం దాన్ని ఎగరడమనాలో జారడమనాలో తేలదు. నిజానికి గద్ద చుట్టూ ఉన్న గాలిలో అది ఎప్పుడూ కిందికే జారుతుంటుంది. కాకపోతే, ఎండకు కాగిన నేల నుంచి వేడెక్కి లేచే గాలి, గద్ద జారే వేగం కంటే ఎక్కువ వేగంతో పైకి పోతూ దాన్ని తనతో మోసుకుపోతుంది. ఆ గాలి స్తంభం దాటిపోకుండా ఉండటానికే అది గుండ్రంగా తిరిగేది. కంకర రాయి ఇంకా కాగని ఉదయం వేళ గద్దలు స్తంభాల మీదా చెట్ల మీదా ఎందుకు కూర్చుని ఉంటాయో పిల్లలను అడిగి, పది దాటాక మరొకసారి ఆకాశం వైపు చూడమనడం చాలు.