పదిమంది ఎదుట తేలిన ధర

పెద్దలిచ్చిన విలువైన వస్తువు అమ్మాలంటే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది తెలిసిన షరాబు. ఆయన తూస్తాడు, గీటురాయి మీద గీస్తాడు, తరుగు తీసేసి లెక్క చెబుతాడు. విరిగిన గొలుసుకైతే ఆ లెక్క చాలు. అమ్మమ్మ పోయాక ఆమె పెట్టెలో నిజాం కాలపు హాలీ సిక్కాలు (హైదరాబాద్ వెండి రూపాయలు), కాసులపేరు నుంచి విడిపోయిన ఓ పావు అష్రఫీ బంగారు నాణెం దొరికినప్పుడు మాత్రం మేం నాణేల వేలం సంస్థకు వెళ్లాం. అలా అమ్మడం మా ఇంటికి అదే మొదలు.

మామకు మొదట్లో ఇది నచ్చలేదు. "వెండి ధర కన్న ఎక్కువ ఎవడిస్తడు బిడ్డా? గా రూపాయిల వెండి సుత తక్కువనే" అన్నాడు. వెండి గురించి ఆయన చెప్పింది నిజమే. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములుంటే అందులో వెండి 91.7 శాతం. హైదరాబాద్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కరిగిస్తే హాలీ సిక్కాకు వచ్చేది తక్కువే.

కరిగించకుండా చదివితే వేరే సంగతి. రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని ద్వారంలో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెమైతే ఆయన పేరులోని 'మీమ్', 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే 'ఐన్'. ఉస్మాన్ తొలినాటి రూపాయల్లో ఆ ఐన్ కురచగా ఉంటుంది, తర్వాతి వాటిలో పూర్తిగా కనిపిస్తుంది. నాణేలు కూడబెట్టేవాళ్లు ఈ తేడా కోసం, హిజ్రీ సంవత్సరం కోసం వెతుకుతారు. సంస్థలోని నిపుణుడు భూతద్దం ఇచ్చి ఆ అక్షరాన్ని చూపించాక మామ పెట్టెలోని ప్రతి రూపాయినీ తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

ఆ నిపుణుడు చెప్పిన మొదటి జాగ్రత్త మన ఇళ్లకు బాగా అవసరం. పండగొస్తే దేవుడి గూట్లోని రూపాయలను చింతపండుతో తోమి మెరిపించడం మన అలవాటు. నాణేనికి అంతకు మించిన హాని లేదు. ఏళ్ల తరబడి పట్టిన నలుపే దాని అసలు చర్మం. అది పోతే విలువలో పెద్ద భాగం పోతుంది. కాసులపేరు కోసం కొక్కెం అతికిన నాణెం కూడా అంతే. మా పావు అష్రఫీ వెనక అతుకు మచ్చ ఉంది. కేటలాగులో ఆ సంగతి స్పష్టంగా రాశారు. రాస్తే ధర పడిపోతుందని చిన్నమ్మ భయపడింది. నాకైతే వేలం నిలబడేదే ఆ వాక్యం మీద అనిపించింది. ఎక్కడో దూరాన కూర్చున్న కొనుగోలుదారు వస్తువును చేత్తో పట్టుకోకుండానే పాట పాడతాడు. లోపాన్ని దాచలేదని నమ్మితేనే అతను ఇంకో మెట్టు పైకి వెళతాడు.

మొదటిసారి అమ్మేవాళ్లు ఒప్పందాన్ని తీరిగ్గా చదవాలి. వస్తువు అప్పగించేటప్పుడు ఒక్కోదాని బరువు, ఫొటోతో రసీదు తీసుకోవాలి. అంచనా ధర అంటే సంస్థ ఇచ్చే హామీ కాదు. పాటదారులను రప్పించడానికి దాన్ని తరచూ కాస్త తక్కువగానే పెడతారు. అంతకన్నా దిగితే అమ్మొద్దని మనం పెట్టుకునే గీత రిజర్వ్ ధర. మామూలుగా అది అంచనాలోని కింది అంకెను దాటకూడదు. సుత్తి దెబ్బ పడిన ధరలోంచి సంస్థ మన దగ్గర కమీషన్ తీసుకుంటుంది, కొన్నవాడి దగ్గర ప్రీమియం పేరుతో వేరే తీసుకుంటుంది. అమ్ముడుపోకపోతే ఖర్చులెవరివి, వస్తువు దారిలో పోతే బీమా ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది అన్నవి సంతకానికి ముందే తేలాలి. వారసత్వంగా వచ్చిన బంగారం అమ్మినా లాభం మీద పన్ను ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ కుటుంబంలో ఉన్నదైతే, ఆ తేదీనాటి విలువను కొన్న ధరగా చూపుకోవచ్చు.

ఇక వస్తువు మనదేనని చెప్పే కాగితాలు. గోల్కొండ ప్రాంతపు గులాబీ వజ్రం 'ప్రిన్సీ' కథ చూడండి. 34.65 క్యారట్లున్న ఈ రాయి ఒకప్పుడు నిజాంలది. 1960లో లండన్‌లోని సోథెబీస్ వేలంలో 46,000 పౌండ్లు పలికింది. 2013లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్‌లో 3.93 కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత, రాయి తమదేనంటూ ఇటలీకి చెందిన ఒక కుటుంబ వారసులు కోర్టుకెక్కారు. అంతటి రాయికే చేతులు మారిన చరిత్ర ఇంత ముఖ్యమైనప్పుడు మన పెట్టెలోని నాణేనికి కాదా? 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. అలాంటి వాటితో వ్యాపారం చేసే సంస్థకు లైసెన్సు ఉండాలి. అది అడిగి చూడటం మన బాధ్యత. పొలం దున్నుతుంటే దొరికిన నాణేల సంగతి మరీ వేరు. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అవి వేలానికి పెట్టాల్సినవి కావు.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లకు నేను డబ్బు లెక్క చెప్పను. కొన్ని నాణేలు అంచనాను దాటాయి, ఎక్కువగా దొరికే రకాలు అంచనా దగ్గరే ఆగాయి. ఇద్దరికి గట్టిగా కావాలనిపించిన వస్తువే వేలంలో పైకి లేస్తుంది. ఒక్కడే ఉంటే రిజర్వ్ దగ్గరే ఆగిపోతుంది.

మాకు దక్కిన అసలు లాభం ఇంట్లో ఉంది. ఉమ్మడి ఆస్తిని ఒకరు తీసుకెళ్లి అమ్ముకొస్తే మిగతావాళ్ల మనసులో "నిజంగా అంతే వచ్చిందా?" అన్న ప్రశ్న ఏళ్ల తరబడి నలుగుతుంది. పెద్దన్న మీద, మేనమామ మీద అలా పుట్టిన అనుమానాలు మాటలు తెగేదాకా వెళ్లడం మనందరం చూసినదే. వేలంలో ధర పదిమంది ఎదుట తేలుతుంది. ఏ లాటు ఎంతకు పోయిందో, కమీషన్ ఎంత పోయిందో వాటాదారులందరికీ ఒకే కాగితంలో కనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ రెండో ప్రశ్న అడగాల్సిన పని పడలేదు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మధ్య నమ్మకం చెడకుండా కాపాడిన అమ్మకం, నాలుగు రూపాయలు తక్కువొచ్చినా మంచి అమ్మకమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే అమ్మే ఆలోచన రాకముందే ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అందరూ కూర్చుని ఒక్కో వస్తువూ బయటకు తీయండి. ఎవరిది, ఎలా వచ్చింది, ఏ పెళ్లికి పెట్టారు అన్నది వాళ్ల నోటి నుంచి విని రాయండి. ఫొటో తీసి తేదీ వేయండి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. అమ్మినా అమ్మకపోయినా ఆ కాగితం పిల్లలకు పనికొస్తుంది.