కూడికకు ముందు

అంగన్‌వాడీ పిల్లలకు ఆరు నెలలకోసారి చెంచాతో పట్టే విటమిన్ ఏ ద్రావణం మనందరం చూసిందే. తొమ్మిదో నెలలో మొదలుపెట్టి ఐదేళ్లు నిండేలోపు తొమ్మిది మోతాదులు. మన దేశంలో ఈ కార్యక్రమం 1970లో మొదలైంది. అప్పటి ఉద్దేశం పిల్లల కంటిచూపును కాపాడటం. 1986లో ఇండోనేషియాలోని ఆచే ప్రాంతం నుంచి వచ్చిన అధ్యయనం ఆ ప్రశ్ననే మార్చేసింది. విటమిన్ ఏ ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మరణాలు మూడో వంతు దాకా తగ్గాయని అందులో తేలింది. అంటే ఈ మందు కళ్లనే కాదు, ప్రాణాలనూ నిలబెడుతుందా?

1990లో మన దేశం నుంచే దీనికి రెండు జవాబులు వచ్చాయి. తమిళనాడు తిరుచిరాపల్లి జిల్లాలో మదురై అరవింద్ వైద్యులు చేసిన ట్రయల్‌లో మరణాలు సగానికి పైగా తగ్గాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ చేసిన ట్రయల్‌లో తేడా కనపడలేదు. రెండింటిలోనూ పదిహేను వేలకు పైగా పిల్లలున్నారు. రెండూ పెద్ద పత్రికల్లో అచ్చయ్యాయి.

ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ వెతికి తూచే సిస్టమాటిక్ రివ్యూ, వాటి అంకెలను కలిపే మెటా అనాలిసిస్ నేర్చుకోవాలని వచ్చే పీజీ విద్యార్థులకు నేను ముందుగా ఇచ్చేది ఈ రెండు పేపర్లే. ల్యాప్‌టాప్‌లు మూసి, పెన్సిల్ పట్టుకుని చదవమంటాను. చాలామంది మొదట చెప్పే మాట, రెండూ కలిపి సగటు తీస్తే సరిపోతుంది కదా అని. కాసేపు ఆగి మళ్లీ చదవమంటే అసలు విషయాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. తిరుచిరాపల్లిలో ఇచ్చింది వారానికోసారి చిన్న మోతాదు, పిల్లలకు తిండి ద్వారా అందవలసినంత. హైదరాబాద్‌లో ఇచ్చింది ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు. తిరుచిరాపల్లిలోనైతే కార్యకర్తలు మందు అందని పిల్లల ఇళ్లకు కూడా ప్రతివారం వెళ్లొచ్చారు. మరి ఈ రెండూ ఒకే ప్రశ్న అడిగాయా? అడగకపోతే వీటిని కలపొచ్చా? ఈ వాదన గంటసేపు నడుస్తుంది, నడవనిస్తాను. నా దృష్టిలో శిక్షణంటే ఈ వాదనే. కూడిక ఏ సాఫ్ట్‌వేరైనా క్షణంలో చేసిపెడుతుంది. ఏ అధ్యయనాన్ని దేనితో కలపాలో, ఎక్కడ కలపకుండా ఊరుకోవాలో తేల్చాల్సింది మనిషే.

అధ్యయనాలను ఇలా కూడి చూసే పద్ధతి నిన్నమొన్నటిది కాదు. దక్షిణాఫ్రికాలో, భారత్‌లో ఉన్న బ్రిటిష్ సైనికులకు వేసిన టైఫాయిడ్ టీకా లెక్కలన్నీ తెప్పించి 1904లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ ఒకచోట చేర్చి చూశాడు. మెటా అనాలిసిస్ అన్న పేరు 1976లో విద్యా పరిశోధకుడు జీన్ గ్లాస్ పెట్టాడు. ప్రతి విభాగంలోనూ జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కూడగట్టి, తూకం వేసి, ఎప్పటికప్పుడు చెప్పే ఏర్పాటు వైద్యవృత్తిలో లేకపోవడం పెద్ద లోపమని 1979లో బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ నిష్ఠూరమాడాడు. ఆయన పేరుతోనే 1993లో కాక్రేన్ సంస్థ మొదలైంది. దాని దక్షిణాసియా కేంద్రం వెల్లూరు సీఎంసీలో ఏర్పాటైంది.

ఇప్పుడు ఈ పని చేసేవాళ్లకు కొదవ లేదు. 1991 నుంచి 2014 దాకా వైద్య పేపర్ల సూచిక పబ్‌మెడ్‌లో ఏటా చేరే మొత్తం పేపర్లు 153 శాతం పెరిగితే, సిస్టమాటిక్ రివ్యూలు 2,728 శాతం పెరిగాయని పరిశోధకుడు జాన్ అయోనిడిస్ 2016లో లెక్క చూపించాడు. అందులో చాలా భాగం చేసిందే మళ్లీ చేయడం లేదా తప్పుదారి పట్టించడం అని కూడా అన్నాడు. మన కళాశాలల్లోనూ ఆ గాలి వీస్తోంది. ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. దీనికి రోగుల్ని చేర్చుకునే పని లేదు, ల్యాబ్ అక్కర్లేదు, ఓపీ అయ్యాక కూర్చుని చేసుకోవచ్చు అన్న మాట స్టాఫ్ రూముల్లో తరచూ వింటాను. నాకది బాధ కలిగిస్తుంది. ఒక ట్రయల్ తప్పయితే దాని పక్కన మరో ట్రయల్ నిలబడి సరిదిద్దుతుంది. రివ్యూ తప్పయితే దాన్ని నమ్మి రాసిన మార్గదర్శకాలు, వాటిని నమ్మి కొన్న మందులు, ఆ మందు మింగిన మనుషులు అందరూ ఆ తప్పు కిందికే వస్తారు. అందుకే రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, తొలిరోజు నిర్వచనాలు, మలిరోజు సాఫ్ట్‌వేర్, సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికిచ్చి పంపడం నాకు మింగుడుపడదు. రివ్యూ ఎలా చేస్తామో ముందే రాసుకునే ప్రోటోకాల్ నమోదైన రోజు నుంచి రివ్యూ అచ్చయ్యేదాకా సగటున 67 వారాలు పడుతుందని 2017లో తేలింది. ఏడాదికి పైగా సాగే పనిని రెండు రోజుల్లో పరిచయం చేయొచ్చు, నేర్పలేం.

నేర్పడంలో అన్నిటికంటే కష్టమైన భాగం సెర్చ్ కాదు, లెక్కలు కూడా కాదు. ఇద్దరు విడివిడిగా చదవడం. ప్రతి పేపర్‌నూ ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా చూసి, తీసుకోవాలో వద్దో నిర్ణయించి, తర్వాత పోల్చుకోవాలన్నది నియమం. మన దగ్గర ఆ ఇద్దరిలో ఒకరు ప్రొఫెసర్, మరొకరు ఆయన కింద థీసిస్ చేస్తున్న అమ్మాయి. ఇద్దరి నిర్ణయాలూ నూటికి నూరుపాళ్లు కలిసిన షీట్ ఒకటి ఆ మధ్య నా దగ్గరికొచ్చింది. ఎలాగమ్మా అని అడిగాను. "సార్ ముందే మార్క్ చేసి పంపారు మేడం, సార్ తీసుకున్నదాన్ని నేనెలా కాదంటాను?" అంది. ఆ అమ్మాయిని అనడానికేముంది? పెద్దల మాటకు ఎదురుచెప్పకూడదని చిన్నప్పటి నుంచీ మనం నేర్పి, ఇక్కడ మాత్రం ఎదురుచెప్పమంటే ఎక్కణ్నుంచి వస్తుంది? అప్పటినుంచి నేను జతలు కట్టేటప్పుడు జూనియర్‌ని జూనియర్‌తోనే కూర్చోబెడుతున్నాను. గైడ్ మూడో మనిషి. ఇద్దరికీ పొంతన కుదరని పేపర్లే ఆయన దగ్గరికి వెళ్తాయి. ఆయన కూడా తన కారణం రాసివ్వాలి. ఇద్దరు పిల్లలు ఒక పేపర్ దగ్గర ఆగిపోయి, ఇది మన ప్రశ్నకు జవాబు కాదే అని పోట్లాడుకునే పది నిమిషాల్లో వాళ్లకు వచ్చేది నేను గంట ఉపన్యసించినా రాదు.

తర్వాతిది అంకెలు ఎక్కించడం. ఇది గుమాస్తా పని అనుకుని ఇంటర్న్‌లకు అప్పజెప్పేవాళ్లున్నారు. పట్టికలో సగటు పక్కన ప్లస్ ఆర్ మైనస్ గుర్తు పెట్టి ఒక అంకె వేస్తారు. అది మనిషికీ మనిషికీ మధ్య తేడా చెప్పే స్టాండర్డ్ డీవియేషనా, సగటు ఎంత కచ్చితమో చెప్పే స్టాండర్డ్ ఎర్రరా అన్నది కొందరు చెప్పరు. గ్రూపులో వందమంది ఉంటే రెండోది మొదటిదాంట్లో పదోవంతు. ఎర్రర్‌ను తీసుకెళ్లి డీవియేషన్ గడిలో వేస్తే, మామూలు లెక్కలో ఆ అధ్యయనం బరువు ఉండాల్సినదానికి వంద రెట్లవుతుంది. మిగతావన్నీ ఏం చెప్పినా ఇక చెల్లదు. దీన్ని పట్టుకోవడానికి స్టాటిస్టిక్స్ కంటే ముందు వార్డు అనుభవం పనికొస్తుంది. పెద్దవాళ్ల పై బీపీలో మనిషికీ మనిషికీ మధ్య తేడా ఒకటి రెండు పాయింట్లే అని పట్టికలో ఉంటే, రోజూ బీపీ చూసే డాక్టర్‌కు అక్కడే అనుమానం రావాలి.

ఒకే రోగులు రెండుసార్లు లెక్కలోకి రావడం ఇంకో ప్రమాదం. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ మందు మీద వచ్చిన ట్రయల్స్‌ను ఓ బృందం జల్లెడ పట్టి 1997లో ఫలితం ప్రకటించింది. రోగుల సమాచారంలో 28 శాతం రెండోసారి అచ్చయినదే. చాలాచోట్ల ఆ పేపర్ మొదటిదాని పేరు కూడా ఎత్తలేదు. ఈ రెండో లెక్కలు కలిస్తే మందు పనితనం 23 శాతం ఎక్కువగా కనపడింది. నేను విద్యార్థుల చేత ఆసుపత్రి పేరు, రోగుల్ని చేర్చుకున్న నెలలు, మోతాదు, సగటు వయసు పక్కపక్కనే రాయిస్తాను. రచయితల పేర్లు మారినా ఈ నాలుగూ ఒక్కలాగే ఉంటే అక్కడ ఆగాల్సిందే.

ఒక్కోసారి అధ్యయనమే నమ్మదగనిది కావచ్చు. కోవిడ్ రోజుల్లో ఐవర్‌మెక్టిన్ విషయం తెలుగు ఇళ్లల్లోనూ అందరికీ తెలుసు, ఎంతోమంది మింగారు. ఆ మందు మరణాలను బాగా తగ్గిస్తుందని చెప్పిన మెటా అనాలిసిస్‌లు ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ప్రీప్రింట్ మీద, అంటే ఇంకా సమీక్ష జరగని పేపర్ మీద ఎంతో ఆధారపడ్డాయి. లండన్‌లో మాస్టర్స్ చదువుతున్న ఓ వైద్య విద్యార్థి క్లాసు అసైన్‌మెంట్ కోసం దాన్ని తెరిచాడు. ముందుమాట వేరేచోట నుంచి ఎత్తి రాసినట్టుంది. అసలు డేటా చూస్తే రోగుల వివరాలు రాసినవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. 2021 జులైలో ఆ ప్రీప్రింట్‌ను తీసేశారు. దాన్ని కలుపుకున్న ఒక మెటా అనాలిసిస్‌ను రచయితలే వెనక్కి తీసుకుని మళ్లీ లెక్కగట్టారు. అనుమానమున్న అధ్యయనాలను పక్కన పెట్టేసరికి ప్రాణాలు నిలిచాయన్న ఫలితం నిలబడలేదు. పెద్ద పెద్ద బృందాలు పట్టికలోంచి అంకె తీసుకుని ముందుకు సాగిపోయిన చోట, చదవాల్సిన పాఠం కాబట్టి ఒక విద్యార్థి అక్షరం అక్షరం చదివాడు. నా బ్యాచ్‌లకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను, ఆ కుర్రాడు వాళ్ల వయసువాడేనని కూడా చెబుతాను.

చివరి వారాల్లో మళ్లీ విటమిన్ ఏ దగ్గరికి వస్తాం. ఈసారి ఉత్తరప్రదేశ్ ట్రయల్ కూడా చేతికిస్తాను. అంగన్‌వాడీల ద్వారా పది లక్షల మంది పిల్లలతో జరిగింది, 2013లో అచ్చయింది. అందులో మరణాలు 4 శాతమే తగ్గాయి. అదీ కాకతాళీయం కావచ్చన్నంత చిన్న తేడా. దానికి ముందు, 2010 నాటి కాక్రేన్ రివ్యూ మరణాలు 24 శాతం తగ్గుతాయంది. ఉత్తరప్రదేశ్ లెక్క కూడా కలిసిన 2017 రివ్యూలో ఆ తగ్గుదల 12 శాతమైంది. అదే రివ్యూలో అవే ట్రయల్స్‌ను రెండో పద్ధతిలో కలిపితే మళ్లీ 24. మొదటి పద్ధతి, మందు ప్రభావం అన్నిచోట్లా ఒకటేనని నమ్ముతుంది కాబట్టి అతి పెద్ద ట్రయల్‌కే సింహభాగం ఇస్తుంది. రెండోది, ప్రభావం ఊరిని బట్టి, పిల్లల తిండిని బట్టి మారుతుందని నమ్ముతుంది కాబట్టి చిన్న ట్రయల్స్ మాట కూడా గట్టిగా వినిపిస్తుంది. ఏది కరెక్ట్ మేడం అని ప్రతి బ్యాచ్ అడుగుతుంది. పిల్లలందరి స్థితీ ఒకటే అనుకోవడానికి నీ దగ్గర ఆధారమేముంది అని నేను తిరిగి అడుగుతాను. 1990లో హైదరాబాద్ చుట్టుపక్కల పిల్లల ఒంట్లో విటమిన్ ఏ ఎంత, ఆచేలో ఎంత, ఈ రోజు మన తండాల్లో ఎంత అన్నది వెతకడం అప్పుడు మొదలుపెడతారు. ఏ పద్ధతి వాడతామో ఫలితాలు చూడకముందే ప్రోటోకాల్‌లో ఎందుకు రాసుకోవాలో కూడా అప్పుడే తలకెక్కుతుంది. అంకెలు చూశాక ఎంచుకుంటే, మనసుకు నచ్చిన అంకె వైపే చెయ్యి పోతుంది.

ఇదంతా చేయడానికి పుస్తకాలు, పత్రికలు అందవన్న మాట మెల్లగా పాతబడుతోంది. 2007లోనే ఐసీఎంఆర్ డబ్బు కట్టి దేశంలో అందరికీ కాక్రేన్ లైబ్రరీని తెరిచింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు ఒకే చందాతో అందుతున్నాయి. ఇక కావలసింది మనుషులు. ఏ పదంతో ఎక్కడ వెతకాలో తెలిసిన లైబ్రేరియన్‌ను ప్రతి వైద్య కళాశాలలో రివ్యూ బృందంలో సభ్యుడిగా కూర్చోబెట్టాలి, పేపర్ మీద ఆయన పేరు వేయాలి. స్టాటిస్టీషియన్‌ను అంకెలన్నీ వచ్చాక కాకుండా ప్రశ్న రాసేరోజునే పిలవాలి. థీసిస్‌గా రివ్యూ ఎంచుకున్న విద్యార్థికి మొదటి ఆరు నెలలు చదవడానికే వదిలిపెట్టాలి.