క్లోదు మోనే చిత్రములందు రూపవిచారము

ఆచార్యులు రేఖను మెచ్చుదురనియు, వర్ణసమృద్ధిని ఇతరజనులు కోరుదురనియు విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము చెప్పుచున్నది. ఈ తూనికతో పరాసు చిత్రకారుఁడగు క్లోదు మోనేను (1840–1926) తూఁచువారు, ఇతనికి రంగులే కాని రూపము లేదని తేల్చుదురు. 1874వ సంవత్సరమున పారిసులో ఆయన సూర్యోదయచిత్రమును చూచి లూయీ లెరువా యను విమర్శకుఁడు పరిహసించినదియు ఈ యసమగ్రతనే. ఆ పరిహాసమే పిదప ఆ సంప్రదాయమునకు ఇంప్రెషనిజమను పేరయ్యెను.

ఈ యాక్షేపము విచార్యము. 'ఎఱ్ఱని కుప్ప' యన్నచో కుప్ప విశేష్యము, ఎఱుపు విశేషణము. పెక్కుమంది చిత్రకారులు ఈ యన్వయమునే పాటించి, ముందు రేఖతో వస్తువును నిలిపి, పిదప రంగు నద్దిరి. మోనే యీ యన్వయమును త్రిప్పెను. ఆయనకు వెలుఁగే విశేష్యము. వస్తువు దానికి విశేషణము. 1890–91లలో జివెర్నీ గ్రామమున చిత్రించిన కుప్పలే యిందుకు తార్కాణము. (వీనిని గడ్డివాములనుట సరికాదు, ఇవి నూర్చని గోధుమపనల కుప్పలు.) ఇంచుమించు ఇరువదియైదు పటములందును వస్తువు కుప్పయే, మంచువేళ, ఎండవేళ, ప్రొద్దు గ్రుంకువేళ మాఱినది వెలుఁగు. అది మాఱఁగానే చేతనున్న పటమును ప్రక్కకుఁ బెట్టి మఱియొకదానిని చేపట్టుట ఆయన పద్ధతి. మంచుమీఁది నీడకు నలుపు పూయక నీలమును, ఊదాను వాడెను. ఆ నీడ ఆకసపు వన్నెను గ్రహించును గదా. తేజోఽభావమే తమస్సను తార్కికులు ఈ పటముల చెంత కొంత తడఁబడుదురేమో!

గీఁత తొలఁగినంతమాత్రమున రూపము తొలఁగినదనుట హేతువు చాలని మాట. రెండు వన్నెలు కలియుచోటనే అంచు పుట్టును. లె హావ్రు రేవును చూపు ఆ సూర్యోదయచిత్రమందలి అరుణబింబమునే చూడుఁడు. ఆ పటమును నలుపు తెలుపుల ఛాయాచిత్రముగాఁ దీసినచో బింబము దాదాపు కానరాకపోవును. చుట్టునున్న బూడిదవన్నె యాకసముతో దాని ప్రకాశము ఇంచుమించు సమానము. కేవలవర్ణభేదముచేతనే అది వర్తులమై నిలిచినది. రేఖావాదులు దీనికేమి సమాధానము చెప్పుదురో!

అయినను 1892–94ల నాఁటి రువాన్ నగరపు క్రైస్తవదేవాలయచిత్రములు కొన్నిటియందు ఈ మార్గము హద్దు మీఱినదనక తప్పదు. రాతికుండవలసిన బరువు అచట కొఱవడినది; ద్వారము, శిఖరము, కిటికీ అన్నియు ఒక్క సున్నపుముద్దగాఁ దోఁచును. కుప్పల పటములం దీ లోపము లేదు. ఎంత వెలుఁగునఁ గరఁగినను కుప్ప నేలపైఁ గూర్చుండియే యున్నది. పొలమున కడ్డముగా సాగిన దాని నీడయే దాని బరువును చెప్పుచున్నది.