రెండో ఆంప్లిఫయర్ ఉంటే చాలునా?

1976 సెప్టెంబర్ 23. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం, వాల్నట్ స్ట్రీట్ థియేటర్. అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న జెరాల్డ్ ఫోర్డ్, జిమ్మీ కార్టర్ టెలివిజన్ కెమెరాల ఎదుట చర్చిస్తున్నారు. చర్చ ముగింపుకు వస్తుండగా ఉన్నట్టుండి ధ్వని ఆగిపోయింది. బొమ్మ కనబడుతోంది, మాట వినబడటం లేదు. 27 నిమిషాల పాటు ఆ ఇద్దరూ ఉపన్యాస పీఠాల వెనుక దాదాపు మౌనంగా నిలబడి ఉండటాన్ని కోట్లాది మంది చూశారు. ధ్వని వ్యవస్థలోని ఆంప్లిఫయర్‌లో ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చెడిపోవడమే కారణమని తర్వాత తేలింది. దాని వెల కొన్ని సెంట్లు మాత్రమే.

ఇది చదవగానే మీరేమంటారు? "ఇంకో ఆంప్లిఫయర్ పెట్టుకుంటే సరిపోయేది కదా!" అంటారు. మైక్ సెట్లు అద్దెకిచ్చేవారూ, పెద్ద సభామందిరాలకు ధ్వని పరికరాలు అమర్చేవారూ అదే అంటారు. "మా దగ్గర స్టాండ్‌బై ఉంది" అన్న మాట వినగానే నిర్వాహకులు నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింతను కొంచెం పరీక్షించి చూద్దాం.

ఒక కళాశాల వార్షికోత్సవంలో నేను చూసిన సంగతి చెబుతాను. వేదిక పక్కన రెండు ఆంప్లిఫయర్లు ఉన్నాయి. రెండింటి ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. దాని ఫ్యూజ్ పోయింది. రెండూ ఒకేసారి మూగబోయాయి! ఒకే చేంతాడుకు రెండు బొక్కెనలు కడితే, తాడు తెగిన రోజున రెండూ బావిలోనే ఉంటాయి.

దీన్ని లెక్కలో పెట్టి చూడండి. ఒక సాయంత్రం ఆంప్లిఫయర్ చెడిపోయే సంభావ్యత 100కి 1 అనుకుందాం. రెండూ పూర్తిగా వేర్వేరుగా పనిచేస్తుంటే, రెండూ చెడిపోయే సంభావ్యత 10,000కి 1. అద్భుతమే! అయితే రెండింటికీ కరెంటు ఇచ్చే బోర్డు చెడిపోయే సంభావ్యత కూడా 100కి 1 అనుకోండి. అప్పుడు సభ మూగబోయే సంభావ్యత 10,000కి దాదాపు 101. అంటే రెండో ఆంప్లిఫయర్ నుంచి మనం ఆశించిన రక్షణ చాలావరకు దక్కలేదు. గుణకారం చేసే హక్కు మనకు రావాలంటే ఆ రెండు ఘటనలూ స్వతంత్రంగా ఉండాలి. సంభావ్యత పాఠంలో మీరు చదివిన ఈ షరతును మార్కెట్లో చాలామంది మరచిపోతారు.

ఉమ్మడిగా ఉండేది కరెంటు ఒక్కటే కాదు. పెద్ద మందిరాల్లో 100 వోల్టుల లైను మీద అనేక లౌడ్ స్పీకర్లను సమాంతరంగా కలుపుతారు. ఆ తీగ ఎక్కడైనా షార్ట్ అయితే, తనను తాను కాపాడుకోవడానికి ఆంప్లిఫయర్ ఆగిపోతుంది. వెంటనే స్టాండ్‌బై రంగంలోకి దిగుతుంది. దానికీ ఎదురయ్యేది ఆ షార్టే! అదీ ఆగుతుంది. దీనికి మందు మరో ఆంప్లిఫయర్ కాదు. లౌడ్ స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు వేర్వేరు లైన్ల మీద పెట్టి, ఒక్కో లైనును ఒక్కో ఆంప్లిఫయర్‌కు అప్పగించడం. ఒక లైను పోయినా మందిరమంతటా మాట వినబడుతుంది, కాస్త మెల్లగానే అయినా.

వేడి కూడా ఉమ్మడి శత్రువే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లోని ద్రవం కాలక్రమంలో ఆవిరై తగ్గిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజనీర్లు అంచనా వేస్తారు. గాలి ఆడని ఒకే ఇనుప అరలో, ఒకదానిపై ఒకటిగా పెట్టిన రెండు ఆంప్లిఫయర్లు కలిసే ముసలివవుతాయి.

పెద్ద పెద్ద సంస్థలు సైతం ఈ పొరపాటుకు అతీతం కావు. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయాణంలో దిశనూ వేగాన్నీ తెలిపే పరికరాలు రెండు ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్. మొదట అదనపు పరికరం ఆగింది. సెకనులో పదో వంతు గడవకముందే, అదే తప్పు వల్ల అసలు పరికరమూ ఆగింది. బయలుదేరిన సుమారు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది.

ఇక మరో ప్రశ్న. అసలు ఆంప్లిఫయర్ చెడిపోయిందని స్టాండ్‌బైకి ఎవరు చెప్పాలి? పెట్టె మీద ఎర్రదీపం వెలిగితే కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. ధ్వని వస్తోందని కాదు. మంచి వ్యవస్థల్లో సుమారు 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యం గల సన్నని సంకేతాన్ని ఎల్లవేళలా ఆంప్లిఫయర్ గుండా పంపుతారు. అది మనలో చాలామంది చెవికి అందదు. అవతలి కొసన ఆ సంకేతం ఆగితే, రిలే లైనును స్టాండ్‌బైకి మారుస్తుంది. తెలివైన ఏర్పాటే. అయితే ఏడాది పొడవునా కదలని ఆ రిలే అవసరమైన క్షణంలో కదులుతుందా? పరీక్షించనిదే చెప్పలేం. పరీక్షించని స్టాండ్‌బై ఒక ఆశ మాత్రమే, ఏర్పాటు కాదు.

"ఇన్ని జాగ్రత్తలకు డబ్బెక్కడిది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాటల కచేరీ ఆగితే కాసేపు విసుగు, అంతే. కానీ నిండిన మందిరంలో దీపాలు ఆరి, పొగ వాసన వస్తే, ఏ తలుపు వైపు వెళ్లాలో చెప్పే గొంతు జనానికి వినబడాలి. ఆ గొంతు కోసం బ్యాటరీతో పనిచేసే చేతి మెగాఫోన్ ఒకటి వేదిక పక్కన ఉంచండి. దానికి ఆ బోర్డుతో, ఆ తీగతో, ఆ వేడి అరతో ఏ సంబంధమూ లేదు. నా దృష్టిలో పక్కపక్కనే పెట్టిన రెండో ఆంప్లిఫయర్ కంటే ఈ చౌక పరికరమే నిజమైన స్టాండ్‌బై. దాని బ్యాటరీలు మాత్రం ముందే చూసుకోవాలి.

ఆంప్లిఫయర్ లాభాన్ని, శక్తిని లెక్కకట్టడం మీరు తరగతిలో నేర్చుకుంటారు. అది ఎలా చెడిపోతుందో ఆలోచించడం కూడా విజ్ఞానమే. ఈసారి మీ పాఠశాలలో ఉత్సవం జరిగినప్పుడు, జనం రాకముందే మైక్ సెట్ అతణ్ణి ఒక్క మాట అడగండి: "అన్నా, అసలు ఆంప్లిఫయర్ స్విచ్ ఒకసారి ఆపుతావా? ఏం జరుగుతుందో చూద్దాం." మీరు మాత్రం పెట్టె మూత తీయవద్దు, తీగలు ముట్టవద్దు. అతను స్విచ్ ఆపాక గొంతు వినబడితే సంతోషం. వినబడకపోతే మరీ మంచిది. సరిచేసుకోవడానికి ఇంకా సమయం ఉంది.