బాయి దిగినోళ్లకు మైకు ఇవ్వాలి

గోదావరిఖని, రామగుండం చుట్టుపక్కల ఊళ్లలో చరిత్ర ప్రసంగాలు పెట్టాలనుకునేవాళ్లకు విషయాల కొరత లేదు. పెద్దపల్లి దగ్గర పెద్దబొంకూరు, కొంచెం అవతల ధూళికట్ట బౌద్ధస్తూపం, ఇటు రామగిరి ఖిల్లా ఉన్నాయి. వీటిలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల కథ మరీ విలువైనది. అక్కడ జనానికి దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ ఓపిగ్గా సేకరించారు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించాక శాతవాహన రాజు సిముకుడి నాణేల సంగతి, గోబద, నారన, సమగోప అనే పాలకుల పేర్లు లోకానికి తెలిశాయి. చుట్టుపక్కల మనిషి పట్టించుకోకపోతే అవి ఏ కొలిమిలోనో కరిగిపోయేవి.

ఇలా ఊళ్ల చరిత్రను వెతికి పోగేసే పనికి మన దగ్గర పెద్ద వారసత్వమే ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు పేరుతో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది. ఇప్పుడు శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా కొత్త తెలంగాణ చరిత్ర బృందం ఊరూరా శాసనాలు, పాత రాళ్లు వెతుకుతోంది. శాసనం అచ్చు తీయడం చూసి తీరాల్సిన పని. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అది అక్షరాల గుంతల్లోకి దిగేదాకా బ్రష్షుతో తట్టి, పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. సభలో ఇది చేసి చూపిస్తే పిల్లలు కుర్చీల్లోంచి కదలరు.

అయితే బొగ్గు నేల చరిత్రలో చాలా భాగం రాయికి ఎక్కలేదు.

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబర్ 23న బొగ్గు తవ్వే కంపెనీకి సింగరేణి పేరొచ్చింది. ఈ తేదీలు ఏటా సింగరేణి డే వేదిక మీద వినబడేవే. తట్టా చెమ్మసుతో (గంపా పారతో) బొగ్గు టబ్బులు నింపిన ఫిల్లర్ల బతుకు మాత్రం వాళ్ల యాదిలోనే ఉంది. బొగ్గుబాయిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి కర్రతో కొట్టి చెవి పెట్టేవాళ్లు. ఖంగుమంటే ధైర్యం, డొల్లగా మోగితే వెనక్కి జరగడం. ఆ తేడాను గొంతుతో పలికి వినిపించగలిగేది ఆ పని చేసినవాళ్లే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ షిఫ్టు గురించి బాయి పనివాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఏమనుకుంటారో విని రాసిపెట్టడం చరిత్ర బృందం పనే.

స్వీడన్ రచయిత స్వెన్ లిండ్‌క్విస్ట్ 1978లో ఒక పుస్తకం రాశాడు. కార్మికులు తాము పనిచేసే చోటి చరిత్రను తామే ఎలా వెతికి రాసుకోవాలో అందులో చెప్పాడు. యాజమాన్యం చరిత్రను యాజమాన్యం రాయించుకుంటుంది, పని గురించి ఎక్కువ తెలిసింది మాత్రం పనివాడికే అన్నది అతని వాదన. ఆ మాట మన సింగరేణికి అతికినట్టు సరిపోతుంది.

ఈ పనికి తొందరపడటానికి కారణం కూడా ఉంది. ఓపెన్‌కాస్టులు ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయిస్తున్నాయి. రామగిరి మండలంలో లద్నాపూర్‌కు ఓసీపీ-2 అనే ఓపెన్‌కాస్టు వల్ల పట్టిన గతి అదే. ఊరు లేచిపోతే బొడ్రాయి, చావడి, పొలాల పేర్లు, ఎవరి మడి ఎక్కడుండేదన్న లెక్క కూడా వెళ్లిపోతాయి. పాత ఊరి పటాన్ని అక్కడి ముసలివాళ్లతో కాగితం మీద గీయించడమే ఒక పూట కార్యక్రమం కావాలి. ఆచార్యుల ప్రసంగాలు వద్దని కాదు, వాటికంటే ముందు ఇది జరగాలి.

ఈ డిసెంబర్ 23న, సింగరేణి డేకైనా మీ కాలనీలో రిటైరైన ఒక ఫిల్లర్‌నో, కోల్ కట్టర్‌నో కుర్చీలో కూర్చోబెట్టి మైకు ఇవ్వండి. మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, బాయి నంబరు, పనిలో చేరిన సంవత్సరం తప్పకుండా రాసుకోండి.