సౌదీ పన్ను లెక్కలో మాక్రోలు, స్థిరాంకాలు

సౌదీ అరేబియాలో విలువ ఆధారిత పన్ను (వ్యాట్) 2018 జనవరి 1న 5 శాతంతో మొదలైంది. 2020 జులై 1 నుంచి అది 15 శాతమైంది. పెంపును ప్రకటించింది మే 11న. అంటే బిల్లింగు ప్రోగ్రాములను సరిదిద్దుకోవడానికి రెండు నెలల వ్యవధి కూడా లేదు. ఇటువంటి విలువను మాక్రోగా రాయాలా, స్థిరాంకంగా రాయాలా అన్న పాత చర్చను ఈ మార్పు వెలుగులో మళ్ళీ చూడవలసి ఉంది.

ఆ చర్చలో తీర్పు సాధారణంగా స్థిరాంకం పక్షమే. డిఫైన్ బదులు కాన్స్ట్ వాడమన్నది స్కాట్ మేయర్స్ ‘ఎఫెక్టివ్ సి++’ తొలి సలహాల్లో ఒకటి. కారణాలు బలమైనవే. మాక్రో అంటే అసలు కంపైలేషన్‌కు ముందు ప్రీప్రాసెసర్ చేసే పాఠ్య మార్పిడి. దానికి టైపు లేదు, ఫంక్షన్ల హద్దులు పట్టవు. పన్ను గుణకాన్ని 1 + 0.05 అని, కుండలీకరణాలు లేకుండా మాక్రోగా రాశారనుకుందాం. 100 రియాళ్ళ ధరను దానితో గుణిస్తే 105 రాదు, 100.05 వస్తుంది: ముందు 100ను 1తో గుణించి, ఆపైన 0.05 కలపడం జరుగుతుంది. కంపైలర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. అదే కాన్స్ట్ అయితే 1.05 అన్న విలువ ముందే ఏర్పడి ఉంటుంది.

ఈ తీర్పు సి++కు వర్తించినంత నిక్కచ్చిగా సి భాషకు వర్తించదు. సిలో కాన్స్ట్ అంటే ఆ పేరు ద్వారా విలువను మార్చరాదని మాత్రమే. దాన్ని స్విచ్‌లోని కేస్ లేబుల్‌గా వాడడానికి ప్రమాణం హామీ ఇవ్వదు. సి23 ప్రమాణంలో కాన్స్ట్‌ఎక్స్‌ప్ర్ చేరేదాకా అక్కడ మాక్రో, ఈనమ్ తప్ప గత్యంతరం లేదు. పాత సి ప్రోగ్రామర్ల మాక్రో అలవాటును అజ్ఞానమని కొట్టిపారేసేవారు ఈ సంగతి మరచిపోతుంటారు.

అసలు చిక్కు సి షార్ప్‌లో కనిపిస్తుంది. అక్కడ డిఫైన్‌కు విలువ ఇవ్వడమే కుదరదు కనుక మాక్రో బెడద తీరినట్టే అనిపిస్తుంది. కాని కాన్స్ట్‌గా ప్రకటించిన విలువను కంపైలర్ వాడిన ప్రతిచోటా నేరుగా అచ్చొత్తేస్తుంది. పన్ను రేటు 0.05 అని ఒక లైబ్రరీలో పబ్లిక్ కాన్స్ట్‌గా ఉండి, దాన్ని వాడుకునే బిల్లింగు ప్రోగ్రాము విడిగా కంపైల్ అయి ఉందనుకుందాం. జులై 1న లైబ్రరీలో 0.15 అని దిద్ది, ఆ ఒక్క ఫైలునే దుకాణాలకు పంపితే బిల్లు మీద పాత 5 శాతమే పడుతుంది. మూలంలో వెతికితే తప్పు దొరకదు, అక్కడ 0.15 అనే ఉంటుంది. టైపు, పరిధి విషయంలో మాక్రోను వదిలించుకున్న కాన్స్ట్, విలువను అతికించే విషయంలో మాత్రం మాక్రో బాటనే నడిచింది. జావాలో స్టాటిక్ ఫైనల్‌గా రాసిన సంఖ్యలదీ ఇదే ధోరణి. సి షార్ప్‌లో స్టాటిక్ రీడోన్లీ వాడితే ఈ ప్రమాదం తప్పుతుంది, విలువ నడిచే వేళకు లైబ్రరీ నుంచే వస్తుంది కనుక.

అయినా లెక్క సరిపోదు. జూన్‌లో కొన్న వస్తువును ఆగస్టులో తిరిగి ఇచ్చేస్తే వెనక్కి రావలసిన పన్ను 5 శాతమే. మే 11కు ముందు కుదిరిన కొన్ని ఒప్పందాలకు 2021 జూన్ 30 దాకా పాత రేటే వర్తించింది. అంటే పన్ను రేటు ఒక సంఖ్య కాదు, తేదీని అడిగి జవాబిచ్చే పట్టిక. దాన్ని మాక్రో అన్నా కాన్స్ట్ అన్నా ఒకే పొరపాటు. వారాంతపు సెలవూ అంతే: 2013 జూన్ 29 నుంచి గురు, శుక్రవారాలకు బదులు శుక్ర, శనివారాలయ్యాయి. పాత ఉద్యోగుల సెలవు దినాలు లెక్కకట్టేవారికి రెండూ కావాలి.

మరి నిజంగా స్థిరాంకానికి తగినదేది? సౌదీ అధికారిక క్యాలెండరు ఉమ్ అల్-ఖురాలో నెలకు 29 రోజులా 30 రోజులా అన్నది చిన్న సూత్రంతో తేలదు. అందుకే ఐసియు లైబ్రరీ సి++ కోడులో హిజ్రీ 1300 నుంచి 1600 దాకా నెలల నిడివి ఒక కాన్స్ట్ పట్టికగా ఉంది. టైపున్న పట్టిక కనుక మాక్రోకన్నా ఇదే మేలు. కాని రంజాన్, షవ్వాల్ నెలల ఆరంభాన్ని నెలవంక కనబడ్డాక సౌదీ సుప్రీం కోర్టు ప్రకటిస్తుంది. పట్టిక చెప్పిన రోజే కావాలని లేదు. డాట్‌నెట్‌లోని హిజ్రీ క్యాలెండరులో తేదీని రెండు రోజుల దాకా ముందుకో వెనక్కో జరుపుకునే హిజ్రీ అడ్జస్ట్‌మెంట్ అన్న వీలును కల్పించింది ఇటువంటి తేడాల కోసమే.